ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేసిన పోలీసుల మీద కన్స్యూమర్ కోర్టుకి వెళ్ళొచ్చా?

ఈసారి ఉత్తరం విశాఖపట్నం నుంచి వచ్చింది. రాసినావిడ భర్తతో కలిసి నగరంలోనే ఒక కాలనీలో కర్రీ పాయింట్ నడుపుతారు. చిన్న చిన్న ఫంక్షన్లకి వంటలు చేసి పంపుతారు కూడా. తన పేరు, కాలనీ, స్టేషన్ అన్నీ రాశారు గానీ అవేవీ ఇక్కడ వేయడం లేదు.

తెల్లవారుజామున పూర్ణా మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చుకోవడానికీ, వండిన గిన్నెలు ఫంక్షన్ హాళ్ళకి చేర్చడానికీ ఫైనాన్స్‌లో ఒక గూడ్స్ ఆటో కొన్నారు. బండి ఆవిడ పేరు మీదే ఉంది. ఒక రాత్రి ఇంటి ముందు పెట్టిన బండి తెల్లారేసరికి లేదు. వెంటనే 112కి ఫోన్ చేశారు, ఏజెంటుకి వాట్సాప్‌లో చెప్పారు, భర్తతో కలిసి స్టేషన్‌కి వెళ్ళి తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసిచ్చారు. "ముందు మీరు వెతుక్కోండి, కిస్తీ కట్టలేదని ఫైనాన్స్ వాళ్ళే తీసుకెళ్ళారేమో కనుక్కోండి, ఎఫ్‌ఐఆర్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారట. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఎస్‌ఐ గారు బందోబస్తులో ఉన్నారనో, రైటర్ సెలవులో ఉన్నాడనో చెప్పి పంపేశారు. చివరికి 19 రోజులకి ఎఫ్‌ఐఆర్ అయింది. ఆ కాపీ పట్టుకెళ్తే ఇన్సూరెన్స్ కంపెనీ "ఎఫ్‌ఐఆర్ ఆలస్యం, మాకు చెప్పడం ఇంకా ఆలస్యం, పాలసీ షరతులు పాటించలేదు" అంటూ క్లెయిమ్ తిరస్కరించి లెటర్ ఇచ్చింది.

మూడు నెలల తర్వాత పక్క జిల్లాలో బండి దొరికింది. ఇప్పుడది స్టేషన్ ఆవరణలో ఎండకీ వానకీ ఉప్పుగాలికీ తుప్పు పడుతోంది. బ్యాటరీ లేదు, స్టెప్నీ లేదు, రెండు టైర్లు మారిపోయి ఉన్నాయి. కిస్తీలు మాత్రం ఆగలేదు, రోజూ అద్దె బండికి వేరే ఖర్చు.

ఇక ఇంట్లో గొడవ. ఎదురింటావిడ ఫ్రిజ్ కంపెనీ మీద కన్స్యూమర్ కోర్టులో లాయర్ లేకుండానే గెలిచిందట. దాంతో ఈవిడకి ఆ ఆలోచన వచ్చింది. "పన్నులు కడుతున్నాం, చలాన్లు కడుతున్నాం, వాళ్ళ జీతాలు మన డబ్బే కదా, ఫ్రిజ్ అమ్మినవాడిని నిలదీయడానికి ఒక చోటు ఉన్నప్పుడు పోలీసుల్ని నిలదీయడానికి ఎందుకు లేదు? వాళ్ళ మీద కన్స్యూమర్ కేసు వేయొచ్చా?" అని అడుగుతున్నారు. భర్త మాత్రం "పోలీసులతో మనకెందుకు, రేపు బండి రోడ్డెక్కాలంటే వాళ్ళే దిక్కు" అంటున్నారు. పైగా మరిది ఇదే కమిషనరేట్‌లో హోంగార్డు. అతని ఉద్యోగానికి ఏమైనా అయితే ఆ పాపం నీదే అని అత్తగారు అంటున్నారట. "నేను తప్పు చేసినట్టు అందరూ నన్నే చూస్తున్నారు" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మొదట ఆ చివరి మాట గురించి. మీరు చేసిన తప్పేమీ లేదు. బండి పోయిన ఉదయమే మూడు చోట్ల చెప్పారు, చెప్పిన ప్రతి చోటా ఏదో ఒక రుజువు ఉంది. అంతకంటే పద్ధతిగా ఎవరూ చేయలేరు. మీ కేసులో మీకు బలం అక్కడే ఉంది, ఆ విషయం ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పండి.

మీరు అడిగినదానికి సూటిగా చెప్పాలంటే, ఎఫ్‌ఐఆర్ కట్టలేదని స్టేషన్ మీద కన్స్యూమర్ కమిషన్‌కి (మనం కన్స్యూమర్ కోర్టు అనేది దీన్నే) వెళ్తే ఆ ఫిర్యాదు నిలబడదు. కానీ మీకు జరిగిన నష్టంలో పెద్ద వాటాకి కన్స్యూమర్ కమిషనే సరైన చోటు, కాకపోతే అక్కడ మీ ఎదుట నిలబడాల్సింది పోలీసులు కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. ఉత్తరమంతా స్టేషన్ గురించే రాసి కంపెనీ గురించి రెండే వాక్యాలు రాశారు. కోపం ఎవరి మీద ఎక్కువుంటే వాళ్ళ గురించే ఎక్కువ రాస్తాం, అది సహజం. ఈ రెండు గొడవల్నీ విడదీసి చూస్తే మీ ఇంట్లో టెన్షన్ కూడా సగం తగ్గుతుందని నాకనిపిస్తోంది.

పోలీసుల మీద ఎందుకు నిలబడదో చెప్తాను, ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్న చిన్నది కాదు, ఈ దేశంలో 1986లో వినియోగదారుల చట్టం వచ్చినప్పటి నుంచీ కోర్టుల్లో నలుగుతున్నదే. ఇప్పుడున్నది 2019 చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. రెండిట్లోనూ లెక్క ఒకటే: డబ్బిచ్చి, లేదా ఇస్తానని ఒప్పుకుని సేవ తీసుకున్నవాళ్ళే వినియోగదారులు. ఉచితంగా చేసే సేవని చట్టమే మినహాయించింది. పన్ను కడుతున్నాం కదా అంటే, పన్ను అనేది ఫలానా పని చేసిపెట్టినందుకు ఇచ్చే ప్రతిఫలం కాదని కోర్టులు చెబుతూ వచ్చాయి. చలానా అయితే అసలు జరిమానా, దాంతో మీరు ఏ సేవా కొనుక్కోలేదు. ఆఖరికి ఫీజు కట్టినా కొన్నిచోట్ల చాలదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు గొడవ మీద ఎస్.పి. గోయల్ అనే ఆయన వెళ్తే, సబ్ రిజిస్ట్రార్ చట్టం అప్పగించిన విధి చేస్తున్నాడు తప్ప మీకు సేవ అమ్మడం లేదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. పరీక్షల బోర్డు గురించీ 2009లో అదే మాట అంది.

అలాగని ప్రభుత్వం అన్నాక కన్స్యూమర్ చట్టం దాన్ని ముట్టుకోదు అనుకోవద్దు. లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లో సుప్రీంకోర్టు, ఇళ్ళూ స్థలాలూ ఇచ్చే ప్రభుత్వ సంస్థలు ఈ చట్టం కిందకి వస్తాయని తేల్చింది. అంతేకాదు, అధికారి కావాలని వేధిస్తే ఆ పరిహారం జనం సొమ్ములోంచి కాకుండా ఆ అధికారి దగ్గరే వసూలు చేయాలని కూడా అంది. పీఎఫ్ చందాదారులు కూడా వినియోగదారులేనని 1999లో తీర్పు వచ్చింది. కరెంటు, రైలు, ఆర్టీసీ బస్సు ఇవన్నీ వస్తాయి. ఆసుపత్రుల సంగతి 1995లో తేల్చారు: అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ఆసుపత్రి రాదు, కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసేది వస్తుంది, అక్కడ ఉచితంగా చూపించుకున్నవాళ్ళు కూడా వినియోగదారులే. 2019లో పంజాబ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, చట్టప్రకారం కట్టే డబ్బు అయినంత మాత్రాన కన్స్యూమర్ ఫోరం తలుపు మూయకూడదు, ఆ డబ్బు ఒక సేవ కోసం తీసుకున్నదా కాదా చూడాలి అన్నారు. కాబట్టి గీత ప్రభుత్వానికీ ప్రైవేటుకీ మధ్య లేదు, మనిషి ఒక పని కోసం డబ్బు కట్టాడా లేదా అన్న దగ్గర ఉంది. కేసు కట్టడం, దర్యాప్తు చేయడం ఆ గీతకి పూర్తిగా అవతల ఉన్నాయి.

ఈ గీతని జరిపి పోలీసుల్ని కూడా చట్టం కిందకి తేవాలా అంటే, నా అభిప్రాయం దాచకుండా చెప్తాను. వద్దంటాను. దొంగతనం కేసులో మీరు ఫిర్యాదుదారు, అవతల ఒక అనుమానితుడు ఉంటాడు, అతను కూడా ఈ దేశ పౌరుడే, అతన్ని కొట్టకుండా కోర్టులో హాజరుపరచడం కూడా పోలీసు డ్యూటీయే. మరి ఇద్దరిలో వినియోగదారు ఎవరు? డబ్బు కట్టినవాడే వినియోగదారు అనే లెక్క స్టేషన్‌లోకి వస్తే, కట్టలేనివాళ్ళ ఫిర్యాదు ఇప్పుడున్నదానికంటే అడుగున పడుతుంది. ఎఫ్‌ఐఆర్ మీకు హక్కు, కొనుక్కోవాల్సిన సేవ కాదు. లలితా కుమారి కేసులో 2013లో ఐదుగురు న్యాయమూర్తులు చెప్పింది అదే: కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టగల నేరం, జరిగిందని సమాచారం ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. మీ బండి లాంటి విలువైన వాహనం దొంగతనం కచ్చితంగా ఆ కోవలోదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో, 173వ సెక్షన్ ఏ స్టేషన్ పరిధి అని చూడకుండా సమాచారం తీసుకోవాలంటుంది, ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే సరిపోతుందంటుంది, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలంటుంది. స్టేషన్‌లో కట్టకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. మీకు ఎఫ్‌ఐఆర్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఈ దారి అవసరం లేదు, ఇది చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

కానీ మీ ప్రశ్న వెనక ఉన్న బాధ నాకు న్యాయమైనదిగానే కనిపిస్తోంది. కన్స్యూమర్ కమిషన్‌లో లాయర్ తప్పనిసరి కాదు, సరుకుకో సేవకో మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఇంటి దగ్గరి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, నష్టం ఇంత అని లెక్కగట్టి ఇప్పిస్తారు. అధికారి ఆలస్యం వల్ల నష్టపోయిన మనిషికి ఇంత సులువైన చోటు లేదు. మధ్యప్రదేశ్ 2010లో, బీహార్ 2011లో ప్రభుత్వ సేవలకి గడువు పెట్టి చట్టాలు చేశాయి, మధ్యప్రదేశ్‌లో అయితే ఆలస్యం చేసిన అధికారికి రోజుకి 250 చొప్పున 5,000 దాకా జరిమానా పెట్టారు. దేశమంతటికీ అలాంటిది తేవాలని 2011లో పార్లమెంటులో బిల్లు పెట్టి, 2014లో లోక్‌సభ రద్దయ్యేసరికి వదిలేశారు. నాకు కావాల్సింది అదీ: పోలీసుని దుకాణదారుని చేయకుండా, దుకాణదారుని అడగడానికి ఉన్నంత సులువుగా పోలీసుని అడిగే చోటు. ఇక ప్రైవేటు కార్యక్రమాలకి డబ్బు కట్టించుకుని ఇచ్చే బందోబస్తు లాంటివాటికి కన్స్యూమర్ చట్టం వర్తింపజేయడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు, అక్కడ డబ్బూ ఉంది, పనీ ఉంది.

సరే, మీ పనికి వద్దాం.

కంపెనీ ఇచ్చిన తిరస్కరణ లెటర్‌ని ఒప్పుకోవద్దు. ఆలస్యం ఒక్కటే కారణంగా నిజమైన క్లెయిమ్‌లు తోసేయొద్దని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకి సర్క్యులర్ ఇచ్చింది. 2017లో ఓం ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు అదే దారిలో వెళ్ళింది. 2020లో గుర్షిందర్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు, పోలీసులకి వెంటనే చెప్పి కంపెనీకి ఆలస్యంగా చెప్పినా క్లెయిమ్ కొట్టేయకూడదన్నారు, ఎందుకంటే బండి పోతే ముందు కదలాల్సింది పోలీసులు, వాళ్ళకి వెంటనే చెప్పాడంటే దొంగతనం నిజమని అర్థం. ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాలి. ఆ కేసులో ఎఫ్‌ఐఆర్ అదే రోజు అయింది, మీకు 19 రోజులకి అయింది. కంపెనీ లాయర్ ఈ తేడానే పట్టుకుంటాడు. దానికి మీ జవాబు ఒకటే: నేను పోలీసులకి అదే రోజు చెప్పాను, ఎఫ్‌ఐఆర్ ఆలస్యం నాది కాదు.

అది నిరూపించడానికి ఎస్‌ఐ గారి మీద ఫిర్యాదు చేయనక్కర్లేదు, కాగితాలు చాలు. 112కి చేసిన కాల్ రికార్డు కోసం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీరిచ్చిన తెల్లకాగితం ఫిర్యాదు ఏ తేదీన అందింది, స్టేషన్‌లో రోజువారీ రాసే జనరల్ డైరీలో ఆ రోజు ఏం నమోదైంది అని కూడా అదే అర్జీలో అడగండి. ఎఫ్‌ఐఆర్‌లో సమాచారం అందిన తేదీ, ఆలస్యానికి కారణం అనే గడులుంటాయి, అక్కడ ఏం రాశారో ఇప్పుడే చూసుకోండి. చాలామంది ఆ కాపీ తీసుకుని మడత పెట్టి దాచేస్తారు, చదవరు. ఏజెంటుకి పెట్టిన మెసేజ్ ఉన్న ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఏజెంటుకి చెప్పడం కంపెనీకి చెప్పినట్టు కాదని వాళ్ళు వాదిస్తారు, వాదించనివ్వండి, మీరు ఏదీ దాచలేదని చూపడానికి అది గట్టి సాక్ష్యం.

కంపెనీ మీద వెళ్ళడానికి మూడు దారులున్నాయి, మూడూ ఒకేసారి తొక్కలేరు. ముందు ఏదైనా సరే, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాసి ఒక నెల ఆగండి. తర్వాత బీమా అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి, వెళ్తే ఖర్చు లేదు, లాయర్ లేడు, ఇచ్చే అవార్డుకి కంపెనీ కట్టుబడాలి, మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, తిరస్కరణ వచ్చిన ఏడాది లోపు వెళ్ళాలి. కానీ అక్కడ ప్రధానంగా క్లెయిమ్ డబ్బు వరకే చూస్తారు, మీరు పడ్డ మనోవేదనకి పెద్దగా ఏమీ రాదు. జిల్లా వినియోగదారుల కమిషన్ విశాఖలోనే ఉంది, రెండేళ్ళ గడువు, అక్కడ మనోవేదనకీ ఖర్చులకీ కూడా అడగొచ్చు. ఫిర్యాదు ఏ కమిషన్‌లో వేయాలన్నది మీరు కట్టిన ప్రీమియం చూసి తేలుతుంది, బండి ఖరీదు చూసి కాదు. కాబట్టి ఫీజు బాధ మీకు ఉండదు. చట్టం 3 నెలల్లో తేల్చమంటుంది గానీ నిజంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, కంపెనీ అప్పీలుకి వెళ్తే ఇంకా సాగుతుంది. మీది వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారే కాదు అని కూడా కంపెనీ అనొచ్చు, కంగారు పడకండి, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం వాడుకునేవాళ్ళని చట్టం మినహాయించి కాపాడింది, మీ ఇద్దరూ స్వయంగా వండి బండి నడుపుకుంటున్నారని రాయండి. మూడోది శాశ్వత లోక్ అదాలత్. బీమా కూడా దాని పరిధిలో ఉంది, ముందు రాజీ కుదర్చడానికి చూస్తారు, కుదరకపోతే వాళ్ళే తీర్పిస్తారు, దాని మీద మామూలు అప్పీలు ఉండదు. త్వరగా తేలడం మంచిదే, కానీ తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే హైకోర్టు రిట్ తప్ప దారి ఉండదని తెలుసుకుని వెళ్ళండి. నన్నడిగితే కాగితాలు పక్కాగా ఉన్నవాళ్ళకి జిల్లా కమిషన్ బాగుంటుంది, డబ్బు తొందరగా చేతికి కావాల్సినవాళ్ళకి అంబుడ్స్‌మన్. కిస్తీల ఒత్తిడి ఎంతుందో మీకే తెలుసు.

ఇక ఆవరణలో ఉన్న బండి. దీన్ని ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి. బండిని విడుదల చేయాల్సింది స్టేషన్ కాదు, మేజిస్ట్రేట్. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు, పట్టుకున్న వాహనాల్ని స్టేషన్లలో కుళ్ళబెట్టొద్దు, ఫోటోలు తీసుకుని బాండు తీసుకుని యజమానికి ఇచ్చేయండి అంది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 497వ సెక్షన్ ఇంకా గట్టిగా, ఆస్తి వివరాల పట్టిక, ఫోటోలు 14 రోజుల్లో తయారుచేయాలనీ, ఆ తర్వాత 30 రోజుల్లో దాని సంగతి తేల్చాలనీ అంటుంది. మీ ఆయన భయం బండి విషయంలోనే కాబట్టి ఇది ఆయనకి చెప్పండి: బండి కోర్టు ఆర్డర్‌తో వస్తుంది, ఎవరి దయతోనూ కాదు. మహిళ కాబట్టి మీ ఆదాయం ఎంతైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 1987 చట్టంలోనే ఉంది ఆ హక్కు. జిల్లా కోర్టు ఆవరణలో అడగండి.

బండి తీసుకునేటప్పుడు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటారు. అందులో "మంచి కండిషన్‌లో అందింది" అని ఉంటే పెట్టకండి. ఏమేం లేవో మీ చేత్తో రాసి పెట్టండి. అంతకంటే ముఖ్యమైనది, పక్క జిల్లాలో బండి దొరికినప్పుడు సాక్షుల ముందు దాని స్థితి రాసిన పంచనామా కాపీ కోర్టు నుంచి తీసుకోండి. అందులో బ్యాటరీ, స్టెప్నీ లేవని ఉంటే దొంగ తీశాడు, అది ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాల్సిన నష్టం, ఎందుకంటే సాధారణంగా ప్యాకేజీ పాలసీల్లో దొంగతనం వల్ల బండికి జరిగిన డ్యామేజీ కూడా ఉంటుంది, మీ పాలసీ తీసి ఒకసారి చూడండి. ఉన్నాయని రాసి ఉండి ఇప్పుడు లేకపోతే, అవి పోలీసుల కస్టడీలో పోయాయి. అప్పుడు అది ప్రభుత్వం భరించాల్సిన నష్టం, లెక్క పూర్తిగా మారిపోతుంది. ఇంకో మాట, నష్టం అంచనా వేసే కంపెనీ సర్వేయర్ చూసి వెళ్ళేదాకా ఒక్క స్క్రూ కూడా మార్చకండి. గ్యారేజీకి తీసుకెళ్ళాక ఏది ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు.

కస్టడీలో పోయిన వస్తువుకి ప్రభుత్వం బాధ్యత అన్న దాని వెనక ఒక పాత కథ ఉంది, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మీరట్‌లో ఒక బంగారం వ్యాపారిని రాత్రిపూట అనుమానంతో పట్టుకుని, అతని బంగారం స్టేషన్ మాల్‌ఖానాలో, అంటే పట్టుకున్న సామాను దాచే గదిలో, పెట్టారు. హెడ్ కానిస్టేబుల్ ఆ బంగారంతో పాకిస్తాన్ పారిపోయాడు. పోలీసుల నిర్లక్ష్యమేనని ఒప్పుకుంటూనే సుప్రీంకోర్టు, అరెస్టూ స్వాధీనమూ సార్వభౌమ విధులు, అంటే రాజ్యం మాత్రమే చేయగల పనులు, కాబట్టి ప్రభుత్వం కట్టక్కర్లేదంది. అదే 1964 నాటి కస్తూరీలాల్ తీర్పు. దీనికి చట్టం చేయండని ఆ న్యాయమూర్తులే ప్రభుత్వానికి చెప్పారు. 1967లో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. ఆ తర్వాత మన రాష్ట్రం నుంచి వెళ్ళిన నాగేంద్రరావు కేసులో, అధికారులు పట్టుకున్న ఎరువులు నిల్వలో పాడైపోతే ప్రభుత్వం నష్టం కట్టాలని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది లక్నో తీర్పు రాసిన న్యాయమూర్తి ఆర్.ఎం. సహాయ్ గారే. కాబట్టి మీ పంచనామాలో బ్యాటరీ ఉండి, ఆవరణలో లేకపోతే, మీకు దారి ఉంది. కానీ అది సివిల్ దావా, ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి, గడువులు తక్కువ, ఏళ్ళు పడుతుంది. ఒక బ్యాటరీ, స్టెప్నీ కోసం అంత పెట్టుకోవాలా అన్నది ఆలోచించండి. బండి ఇంజనే పాడైపోతే లెక్క వేరు.

ఇప్పుడు మరిది విషయం. హోంగార్డు ఉద్యోగం ఎంత సన్నటి దారం మీద ఉంటుందో అందరికీ తెలుసు, మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ చూడండి, కంపెనీ మీద వేసే కేసులో ప్రతివాది పోలీసు కాదు. బండి విడుదల అర్జీ రోజూ కోర్టుల్లో జరిగే మామూలు పని. సమాచార హక్కు అర్జీ మీ పేరు మీద, మీ బండి గురించి. ఈ మూడింటిలో మరిది పేరు రాదు, ఎవరి మీదా నింద రాదు. మీకు కావాల్సిన డబ్బులో చాలావరకు ఈ మూడింటితోనే వస్తుంది.

19 రోజులు తిప్పించినందుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలని ఇంకా మీకనిపిస్తే, అది వేరే నిర్ణయం. సోమవారం కమిషనర్ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. విచారణ జరిగితే మందలింపో మెమోనో రావచ్చు, ఏమీ రాకపోవచ్చు, మీకు పైసా రాదు. దాని వేడి మరిదికి తగిలే అవకాశం లేదని నేను హామీ ఇవ్వలేను. అందుకని ఆ కాగితం ఇచ్చేముందు అతనితో ఒకసారి కూర్చుని మాట్లాడండి, అనుమతి కోసం కాదు, అతనికి వేరేవాళ్ళ నోట తెలియకూడదు కాబట్టి. బహుశా స్టేషన్‌లో రాతకోతలు ఎలా జరుగుతాయో మీ అందరికంటే అతనికే బాగా తెలిసి ఉంటుంది, ఆ 19 రోజుల్లో మీ కాగితం ఎక్కడ ఆగిందో కూడా అతనే చెప్పగలడేమో. ఇవ్వకూడదని నిర్ణయించుకున్నా అది పిరికితనం అనుకోకండి, ఒక ఇంట్లో నలుగురి బతుకు చూసుకుని తీసుకున్న నిర్ణయం అది. ఇవ్వాలని నిర్ణయించుకుంటే మాత్రం కోపంగా రాయకండి, తేదీలు మాత్రం రాయండి: ఏ రోజు 112కి కాల్, ఏ రోజు ఫిర్యాదు, ఎవరెవరు ఏం చెప్పారు, ఏ రోజు ఎఫ్‌ఐఆర్, దాని వల్ల కంపెనీ ఏం రాసింది. ఆ తిరస్కరణ లెటర్ జిరాక్స్ జతచేయండి.

ఈ వారం చేయాల్సినవి మాత్రం రెండే. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళి బండి విడుదల అర్జీ వేయించండి. తిరస్కరణ లెటర్ మీద తేదీ చూసి, ఆ తేదీ నుంచి ఏడాది ఎప్పటికి అవుతుందో గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. బండి ఆవరణలోంచి బయటికొచ్చాక పంచనామాలో ఏముందో నాకు మళ్ళీ రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.